మలావీ కోసం మా శుక్రవారం ప్రార్థన

వేరే సంఘాల వాళ్లు ఎక్కడ కలిసినా ఈ మధ్య నన్ను అడిగేవి ఇవే. ఇన్ని దేశాలుండగా మలావీయే ఎందుకు? డబ్బు ఎలా పంపుతున్నారు, బ్యాంకు వాళ్లు ఒప్పుకుంటారా? మేమూ ఒక దేశం కోసం ప్రార్థన పెట్టుకోవాలంటే ముందు ఏం చేయాలి? ఫోన్‌లో ఒక్కొక్కరికీ చెప్పేకన్నా రాసిపెడితే మేలనిపించింది. నేను పాస్టరమ్మను కాను. రిటైరైన స్కూలు టీచర్ని, ఒంగోలులో మా బాప్టిస్టు సంఘం స్త్రీల సమాజానికి మినిట్స్ పుస్తకం రాస్తాను. అందుకని ఇందులో సందేశం ఉండదు, జరిగినదే ఉంటుంది.

మా చెల్లెలి భర్త బ్లాంటైర్‌లో ఒక మందుల కంపెనీలో అకౌంట్స్ చూస్తారు. మలావీకి రాజధాని లిలాంగ్వే అయినా వ్యాపారమంతా బ్లాంటైర్‌లోనే. టాంజానియా, మొజాంబిక్, జాంబియాల మధ్య సన్నగా పొడుగ్గా ఉండే దేశం, తూర్పు వైపు సముద్రమంత సరస్సు. 2023 మార్చి రెండో వారంలో ఫ్రెడ్డీ తుఫాను ఆ దేశపు దక్షిణ జిల్లాలను ముంచేసింది. ఫిబ్రవరి మొదట్లో ఆస్ట్రేలియా దగ్గర పుట్టి, హిందూ మహాసముద్రం ఈ చివర నుంచి ఆ చివరికి దాటి, మడగాస్కర్‌నూ మొజాంబిక్‌నూ కొట్టి, మళ్లీ సముద్రంలోకి పోయి తిరిగి వచ్చిన తుఫాను అది. బ్లాంటైర్‌లో సోచే కొండ దిగువన చిలోబ్వే లాంటి పేటల మీదికి రాత్రికి రాత్రి బురద, బండరాళ్లు దొర్లుకొచ్చాయి. దేశం మొత్తం మీద 600 మందికి పైగా చనిపోయారు, వందల మంది ఆచూకీ దొరకలేదు, ఆరున్నర లక్షల మంది ఇళ్లు వదిలి బళ్లలో, చర్చిల్లో తలదాచుకున్నారు. అంతకు ముందు ఏడాది మొదలైన కలరా అప్పటికింకా తగ్గలేదు. దానికే 1,700 మందికి పైగా పోయారు.

ఆ శుక్రవారం ఉపవాస ప్రార్థనలో చెల్లెలి ఫోన్ స్పీకర్‌లో పెట్టి అందరికీ వినిపించాం. తర్వాత మోకరించాం. మా ప్రార్థనలన్నీ ఒకే మూసలో సాగాయి. "ప్రభువా, ఆఫ్రికా దేశాలను జ్ఞాపకం చేసుకో, మలావీ బిడ్డలను ఆదరించు." ఏం అడగాలో తెలియనప్పుడు ఎవరైనా అలాగే అడుగుతారు. ఒక్క పెద్దావిడ మాత్రం వేరుగా ప్రార్థించింది. ఆవిడ పుట్టిల్లు దివిసీమ. 1977 నవంబరు ఉప్పెన నాటికి పెళ్లికాని పిల్ల. "శవం దొరకని తల్లులుంటారు తండ్రీ, ఏడవడానికి సమాధి కూడా లేని వాళ్లు. చేలల్లో ఇసుక మేటలు వేసుంటాయి, అవి తీసే మగదిక్కు లేని ఇళ్లుంటాయి" అంటూ పోయింది. ఆమేన్ అన్నాక నన్ను పక్కకు పిలిచి, "మీ చెల్లిని అడుగు, మేటలు వేసిందో లేదో" అంది. అడిగాను. వేసింది. ములాంజే కొండ దాపున ఫలోంబే అనే జిల్లా ఉంది. అక్కడ వాగులు దారి మార్చి మొక్కజొన్న చేల మీద మోకాటి లోతు ఇసుక పోసి వెళ్లాయని, సాయం పంచడానికి వెళ్లొచ్చిన మా మరిది వాళ్ల సంఘస్తులు చెప్పారట. మా పని నిజంగా మొదలైంది ఆ ప్రశ్న దగ్గరే అనుకుంటాను.

కానుక పోగుచేయడం కష్టం కాలేదు. మా సమాజంలో పిడికెడు బియ్యం పాత అలవాటు. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు, నెలాఖరున చర్చికి తెస్తారు, అక్కడే తూచి అమ్ముతాం. మిజోరంలో ప్రెస్బిటేరియన్ స్త్రీలు 1910 నుంచి ఇదే పద్ధతిలో మిషన్ పనిని నిలబెడుతున్నారు. దానికి తోడు ఆ ఏడాది కోత పండుగ వేలంపాట బాగా జరిగింది. పోటీ పడితే మావాళ్లు ఒక గుమ్మడికాయను పన్నెండు వందల దాకా పాడతారు. డబ్బు చేతికొచ్చింది. దాన్ని దేశం దాటించడమే ఎవరికీ తెలియలేదు.

ఆడిటర్ గారి దగ్గరికి వెళ్తే మొదటి మాటే, "అమ్మా, సంఘం డబ్బు సంఘం పేరున పోదు" అన్నారు. మనవాళ్లు బయటి దేశానికి డబ్బు పంపడానికి రిజర్వు బ్యాంకు ఇచ్చిన వెసులుబాటు ఎల్‌ఆర్‌ఎస్. ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల దాకా పంపొచ్చు, అందులో విరాళాలు కూడా పంపొచ్చు. కానీ అది వ్యక్తులకు మాత్రమే. ట్రస్టులకూ సొసైటీలకూ కాదు. పైగా పన్ను మినహాయింపు ఉన్న ట్రస్టు తన ఆదాయాన్ని దేశం బయట ఖర్చు పెడితే, ప్రత్యక్ష పన్నుల బోర్డు అనుమతి ముందే తీసుకోకపోతే ఆ సొమ్ముకు మినహాయింపు రాదు. అందరి డబ్బూ ఒకరి ఖాతాలో వేసి వాళ్ల పేరున పంపేస్తే? ఆయన రెండు చేతులూ జోడించి, "ఆ పని మాత్రం చేయకండి" అన్నారు. మా కోశాధికారి గారికి ఇంకో ఉపాయం తట్టింది. మా మరిది అక్కడ తన జీతంలోంచి ఇచ్చేస్తే, మనం ఇక్కడ వాళ్ల అమ్మగారికి రూపాయలు ఇచ్చేస్తే సరిపోదా? "దాన్నే హవాలా అంటారండీ" అన్నారు ఆడిటర్ గారు. తిరిగొచ్చేటప్పుడు కారులో కోశాధికారి గారు ఒక్క మాట మాట్లాడితే ఒట్టు.

చివరికి తేలింది ఇది. కాస్త స్తోమత ఉన్న కొన్ని కుటుంబాలు ఎవరి సొంత డబ్బు వాళ్లు, ఎవరి ఖాతా నుంచి వాళ్లు, నేరుగా అక్కడి సంఘం ఖాతాకు విరాళంగా పంపాలి. నా పెన్షన్ లోంచి నేనూ పంపాను. పాన్ కార్డు, ఏ2 ఫారం, అక్కడి బ్యాంకు స్విఫ్ట్ కోడ్, డబ్బు ఎందుకు పంపుతున్నామో చెప్పే పర్పస్ కోడ్ కావాలి. విదేశాల్లోని మత, ధార్మిక సంస్థలకిచ్చే విరాళానికి ఎస్1303. మా బ్రాంచిలో ఉన్న కుర్రాడు ఆ కోడ్ ఎప్పుడూ వాడి ఉండడు. "మేడం, మాల్దీవులా? మాలీనా?" అని అడిగి, నేను మలావీ అన్నాక కంప్యూటర్లో వెతుక్కున్నాడు. పెద్ద మొత్తాలు బయటి దేశానికి పంపితే బ్యాంకు ముందే పన్ను వసూలు చేస్తుంది, దాన్ని టీసీఎస్ అంటారు. మేం పంపేది ఆ పరిమితికి చాలా కింద కాబట్టి ఆ బాధ లేదు. మధ్యలో ఉండే బ్యాంకు మాత్రం తన చార్జీలు కోసుకుంటుంది. కొంచెం కొంచెంగా పలుమార్లు పంపితే చార్జీలకే సగం పోయేట్టుంది. అందుకని ఏడాదికి ఎన్నిసార్లు, ఎప్పుడెప్పుడు పంపాలనేది ముందే అనుకోవాల్సి వచ్చింది. ఎప్పుడు అన్న ప్రశ్న అంత పెద్దదని అప్పటికి మాకు తెలియదు.

మరి పిడికెడు బియ్యం డబ్బు సంగతేంటి? స్త్రీల సమాజంలో ముసలివాళ్లు బాగా చిన్నబుచ్చుకున్నారు. "మా బియ్యం పనికిరాదు, పెన్షన్ల వాళ్ల డబ్బే పనికొస్తుందా?" అన్నారు. వాళ్లన్నదాంట్లో న్యాయముంది. ఆ చిక్కు విడిపోయింది గుంటూరులో. అక్కడి చుట్టుపక్కల కాలేజీల్లో ఆఫ్రికా దేశాల పిల్లలు చాలామంది చదువుతున్నారు. మా మరిది ద్వారా తెలిసింది, వాళ్లలో ఒకమ్మాయిది సరిగ్గా ఫలోంబే జిల్లాయేనని. వాళ్ల నాన్న చేను ఇసుక కిందికి పోయింది, ఇంటి నుంచి డబ్బు రావడం ఆగిపోయింది, హాస్టలు ఖాళీ చేయమంటున్నారు. ఆమె ఫీజు, అద్దె రూపాయల్లో ఇక్కడే కట్టొచ్చు, దేశం దాటే పనే లేదు. ఆడిటర్ గారు సంతోషంగా సరేనన్నారు. అలా ఒంగోలు బియ్యం గుంటూరులో మలావీకి చేరింది.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఆ అమ్మాయికి గది దొరకడానికి మేం పడిన తిప్పలు బ్యాంకులో పడలేదు. ఇల్లు చూపిస్తారు, మనిషిని చూడగానే "మావాళ్లు ఊరి నుంచి వస్తున్నారండీ" అంటారు. వంట వాసన అంటారు, రాత్రిళ్లు పాటలు పెడతారంటారు. ఇలా అన్నవాళ్లలో విశ్వాసులూ ఉన్నారు. శుక్రవారం ఆఫ్రికా కోసం కన్నీళ్లతో ప్రార్థించి, శనివారం ఆఫ్రికా పిల్ల గుమ్మంలో నిలబడితే పోర్షన్ ఖాళీ లేదని చెప్పినవాళ్లు. చివరికి ఒక ముస్లిం కుటుంబం పై పోర్షన్ ఇచ్చింది. ఈ సంగతి నేను మినిట్స్ పుస్తకంలో రాశాను. కొందరికి నచ్చలేదు. తీసేయమన్నారు, తీయలేదు.

సెలవులకు ఆ అమ్మాయి మా ఇంటికే వచ్చేది. నన్ను ఆంటీ అంటుంది. ఒక శుక్రవారం ప్రార్థనకు తీసుకెళ్లి, "మీ ఊరి కోసం ఏం ప్రార్థించాలో నువ్వే చెప్పు" అన్నాం. చర్చి గోడ మీది క్యాలెండర్ దించి, ఒక్కో నెల మీద వేలు పెట్టి చెప్పడం మొదలుపెట్టింది. ఆమె ఇంగ్లిషులో చెబుతుంటే నేను తెలుగులో చెప్పాను. అక్టోబరులో ఎండలు మండిపోతుంటాయి, గొర్రు అరకలు లేవు, చేతి పారతో బోదెలు తోలుకోవాలి. నవంబరు చివర్లో వానలు, పడగానే విత్తాలి. ఒక్క వారం ఆలస్యమైతే పంట తగ్గుతుంది. డిసెంబరు, జనవరిలో కలుపు, పైపాటు ఎరువు. ఫిబ్రవరి దాటితే పచ్చి కంకులు చేతికొస్తాయి. ఏప్రిల్, మేలో కోత. ఏడాదికి ఒకటే పంట.

"మరి ఆకలి ఎప్పుడమ్మా?" అని ఒకరు అడిగారు. డిసెంబరు నుంచి మార్చి దాకా అంది. పోయినేటి గింజ అయిపోతుంది, ఈ ఏటిది ఇంకా చేలోనే ఉంటుంది. సరిగ్గా అప్పుడే కలుపు తీయాలి. కానీ ఇంట్లో పిండి లేనివాడు తన చేలో కలుపు తీయడు, ఇంకొకరి చేలో కూలికి పోతాడు. ఆ రోజువారీ కూలిని వాళ్లు గాన్యు అంటారు. సాయంత్రానికి పిల్లలకు ఇంత పిండి దొరుకుతుంది, తన చేను మాత్రం గడ్డిపాలవుతుంది. ఏప్రిల్‌లో సగం పంట వస్తుంది, అది అక్టోబరుకే అయిపోతుంది. మళ్లీ గాన్యు.

గదిలో ఎవరూ మాట్లాడలేదు. సగం మంది కౌలు చేసినవాళ్లు, కూలికి పోయినవాళ్లు. వాళ్లకు ఇంకేం వివరించక్కర్లేదు. మేం క్రిస్మస్‌కు పంపుదామనుకున్న డబ్బు అక్టోబరులో చేరితే విత్తనం, ఎరువు అవుతుంది. జనవరిలో చేరితే తన చేలో తాను కలుపు తీసుకునే ఆ కొన్ని వారాలకు తిండి అవుతుంది. అదే డబ్బు మార్చి చివర చేరితే పెద్దగా ఉపయోగం లేదు. ఆ రోజు నుంచి మా ప్రార్థన అంశాలు ఆ క్యాలెండర్ ప్రకారమే నడుస్తున్నాయి. మేం ఉపవాస ప్రార్థన పదకొండింటికి మొదలుపెడితే అక్కడ ఉదయం ఏడున్నర. వాళ్ల సంఘం స్త్రీలు చేలోకి దిగేముందు వాయిస్ మెసేజ్ పెడతారు. వాన పడిందా, ఎంతమందికి కడుపునొప్పి, ఎవరింట్లో పురుడు, అన్నీ చెబుతారు.

ఒకసారి ఆకులన్నీ చిల్లులు పడుతున్న ఫొటో వచ్చింది. మా వాళ్లలో మొక్కజొన్న వేసే ఆవిడ చూసి, "ఇది కత్తెర పురుగు కాదూ!" అని అరిచినంత పని చేసింది. ఆవిడ చెప్పింది నిజమే. అమెరికా ఖండం నుంచి 2016లో ఆఫ్రికాకు వచ్చిన పురుగు, 2018లో మన దేశంలో దిగింది. తరువాత మన మొక్కజొన్న రైతులనూ ఏడిపించింది. సుడిలో ఇసుక పోస్తే పిల్ల పురుగు చస్తుందని ఈవిడ మెసేజ్ పెట్టించింది. మేమూ అదే చేస్తున్నామని అటునుంచి జవాబు. ఆ శుక్రవారం ఆవిడ కత్తెర పురుగు మీద చేసిన ప్రార్థన వింటే మీకు దావీదు కీర్తనల్లో శత్రువుల మీద చేసిన ప్రార్థనలు గుర్తొస్తాయి.

2023 అక్టోబరులో మొదటిసారి పంపిన డబ్బుతో ఫలోంబేలో ఒక పల్లె సంఘం వాళ్లు హైబ్రిడ్ విత్తనం, ఎరువు బస్తాలు కొని, విధవరాళ్లున్న ఇళ్లకూ మేటలు పడిన ఇళ్లకూ పంచారు. పద్ధతి వాళ్లే పెట్టుకున్నారు. ఉచితం కాదు. కోతయ్యాక ఇంటికొక బస్తా గింజ సంఘం గదిలో జమ చేయాలి. జనవరిలో ఎవరింట్లో పిండి లేకపోతే వాళ్లకు అందులోంచి ఇస్తారు. మాకు భలే నచ్చింది. ఆ తర్వాత నవంబరులో వాళ్ల రిజర్వు బ్యాంకు తమ కరెన్సీ క్వాచా విలువ తగ్గించింది, డాలరుకు 1,180 దగ్గరున్నది ఒక్కరోజులో 1,700 అయింది. మేం ముందే పంపడం, వాళ్లు వెంటనే ఎరువు కొనేయడం మంచిదైంది. తర్వాత బస్తా ధర వాళ్లకు అందలేదు.

అప్పుడు ఎల్‌నినో వచ్చింది. 2024 మొదట్లో వానలు మధ్యలో ఆగిపోయి, కంకి పాలు పోసుకునే వేళ చేలు ఎండిపోయాయి. మార్చిలో అధ్యక్షుడు 28 జిల్లాల్లో 23 జిల్లాలను విపత్తు ప్రాంతాలుగా ప్రకటించాడు. మా విత్తనం, మా ఎరువు, మా ప్రార్థన అన్నీ ఉన్న చేలు కూడా ఎండాయి. మా సంఘంలో గుసగుసలు మొదలయ్యాయి. ఇంత ప్రార్థిస్తే ఇదా ఫలితం అని కొందరు, ఇంటికొక బస్తా ఇస్తామన్నారు ఏదీ అని కొందరు. పాస్టరు గారు యోబు గ్రంథం మీద ప్రసంగించారు. నాకైతే ఆ ప్రసంగం కన్నా మా దివిసీమ పెద్దావిడ మాటే సరిపోయింది. "పంట పోయిన ఏడు బాకీ అడిగేవాణ్ని మా ఊళ్లో షావుకారనేవాళ్లు" అంది. బాకీ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఆ అక్టోబరులో మళ్లీ పంపాం.

2025 జనవరిలో నేను చెల్లెలి దగ్గరికి వెళ్లాను. హైదరాబాద్ నారాయణగూడలో ఐపీఎం అనే ప్రభుత్వ సంస్థలో ఎల్లో ఫీవర్ టీకా వేయించుకుని, టీకా వేసినట్టు ఇచ్చే పసుపు కార్డు పట్టుకుని, అడిస్ అబాబా మీదుగా బ్లాంటైర్ చేరాను. ప్రయాణం గురించి చెప్పుకోవాల్సిందేం లేదు, కాళ్లు వాచాయి అంతే. అక్కడ పెట్రోలు బంకుల ముందు కిలోమీటర్ల క్యూలు. ఫలోంబే వెళ్లడానికి డీజిలు దొరికేసరికి వారం పట్టింది.

పొద్దున్నే రోడ్డు పక్కన భుజాన పారలు వేసుకుని గుంపులు గుంపులుగా మనుషులు. ఆడవాళ్లు ఎక్కువ, వీపున చితెంజే గుడ్డలో కట్టుకున్న పిల్లలు. ఎవరో సైకిల్ ఆపుతారు, బేరం సాగుతుంది, ఇద్దరు ముగ్గురు అతని వెంట వెళ్తారు. గాన్యు ఇదేనని చెప్పక్కర్లేకుండానే తెలిసిపోయింది. మామిడి చెట్లు కాయలతో వంగి ఉన్నాయి. ఆ నెలల్లో చాలా ఇళ్లలో పిల్లలకు మధ్యాహ్నం భోజనం ఆ మామిడికాయలే.

పల్లె సంఘం ఇటుకల గుడి. ఆరాధన మూడు గంటలు దాటింది, ఒక పాటకు ఇంకో పాట అల్లుకుంటూ పోతారు, వాయిద్యం కూడా లేదు. కానుక వేళ అందరూ వరసకట్టి ఆడుతూ ముందుకొస్తారు. పిండి కూడా కరువైన జనవరిలో ఒక ముసలావిడ చిన్న గిన్నెలో మొక్కజొన్న గింజలు తెచ్చి బల్ల మీద పెట్టింది. తర్వాత సంఘ పెద్ద నాకు గింజల గది చూపించాడు. దాదాపు ఖాళీ. స్కూలు నోటుపుస్తకంలో లెక్క రాసుకున్నారు. ఇంటి పేరు, తీసుకున్న విత్తనం, ఎరువు, తిరిగిచ్చిన బస్తా, పక్కన వేలిముద్ర. 2024 వరసలో తిరిగిచ్చిన గడి దగ్గర చాలా చోట్ల గీత. ఐదారిళ్ల ఎదురుగా మాత్రం "అర బస్తా" అని రాసి వేలిముద్ర ఉంది. జీవితమంతా హాజరుపట్టీలు రాసినదాన్ని, అంత శుభ్రమైన పుస్తకం మా సంఘంలో లేదని చెప్పగలను.

భోజనం ఎన్సీమా. తెల్ల మొక్కజొన్న పిండితో గట్టిగా తెడ్డుతో కెలికి ముద్దలు చేస్తారు, అచ్చం మన సంగటి. నంజుకోవడానికి వేరుశెనగ పొడి వేసి ఉడికించిన గుమ్మడి ఆకు. తినేముందు ఇంటి ఆడపిల్ల మోకాళ్ల మీద వంగి, చెంబుతో అందరి చేతుల మీదా నీళ్లు పోసింది. వాళ్లింట్లో ఆ రోజు రెండో పూట ఉందో లేదో నేను అడగలేదు. మా ముందు పెట్టిన ముద్దల్లో సగం పిల్లలకు పంచితే ఎవరూ వద్దనలేదు.

నేనున్నప్పుడే జనవరి 15 వచ్చింది. జాన్ చిలెంబ్వే దినం, దేశమంతా సెలవు. ఆయన మా బాప్టిస్టు పాస్టరేనని నాకు అక్కడే తెలిసింది. చిరాడ్జులు జిల్లాలో బళ్లు, ఇటుకల గుడి కట్టి, తోటల్లో కూలీలను పెట్టే హింస మీద, తెల్లవాళ్ల యుద్ధంలో ఆఫ్రికావాళ్లను చంపించడం మీద రాసి, చివరికి 1915 జనవరిలో తిరగబడ్డాడు. ఫిబ్రవరి 3న కాల్చి చంపారు, ఆయన గుడిని మందుగుండు పెట్టి పేల్చేశారు. ఇప్పుడు నోట్ల మీద ఆయన బొమ్మ. ఇంత చరిత్ర ఉన్న సంఘాల గురించి మేం ఒంగోలులో "అక్కడికి వెలుగు పంపు ప్రభువా" అని ప్రార్థించాం.

ఈ మాట కొంచెం గట్టిగానే చెప్పాలి. 2018 జనాభా లెక్కల ప్రకారం మలావీలో నూటికి 77 మంది క్రైస్తవులు. లివింగ్‌స్టోనియా మిషన్ 1875లో, బ్లాంటైర్ మిషన్ 1876లో మొదలయ్యాయి. మన దగ్గర అదే కాలం ధాత కరువుది. ఒంగోలులో ఉన్న బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ల పైచిలుకు తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి పని ఇచ్చారు. కరువు సాయం జరిగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు, తిండి కోసం చేరారన్న మాట రాకూడదని. ఆపై 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఒంగోలు విశ్వాసులకు ఈ కథ ఉగ్గుపాలతో తెలుసు. తెలిసీ, ఎరువు బస్తాల పక్కన మా బ్యానరు పట్టుకుని ఫొటో దిగి పంపమని అడిగినవాళ్లున్నారు. వద్దని నేనే ఆపాను.

అలాగని తెలుగు సంఘాలు ఆఫ్రికాకు మనుషుల్ని పంపలేదని కాదు. 1903లో నెల్లూరు నుంచి జాన్ రంగయ్య గారు కుటుంబంతో డర్బన్ వెళ్లారు, చెరకు తోటల్లో, టీ తోటల్లో ఒప్పంద కూలీలుగా ఉన్న తెలుగువాళ్ల కోసం. ఖర్చు భరించింది ఇక్కడి తెలుగు బాప్టిస్టులే. ఆయనకు వాళ్ల భాష వచ్చు, వాళ్ల కష్టం తెలుసు. మాకు చిచేవా భాష రాదు.

రాజకీయాల మీద ప్రార్థన కూడా ఆ అమ్మాయే సరిచేసింది. 2020 నుంచి అధ్యక్షుడుగా ఉన్న లాజరస్ చక్వేరా అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ సంఘాలకు చాలాకాలం పెద్దగా ఉన్న పాస్టరు. అది తెలిసి మావాళ్లు పొంగిపోయి, 2025 సెప్టెంబరు ఎన్నికల్లో ఆయనే గెలవాలని ప్రార్థించబోయారు. "ఆంటీ, పెట్రోలు క్యూలో మా అన్నయ్య రెండు రాత్రులు పడుకున్నాడు. ఓట్లు సరిగ్గా లెక్కపెట్టాలని ప్రార్థించండి చాలు" అంది. చక్వేరా ఓడిపోయాడు, పీటర్ ముతారికా గెలిచాడు, ఓడిన మనిషి ఓటమి ఒప్పుకున్నాడు. ఆ శుక్రవారం కృతజ్ఞతా ప్రార్థన చేశాం.

ఎవరైనా మొదలుపెట్టాలనుకుంటే నేను చెప్పేది తక్కువే. ఖండం కోసం కాదు, ఒక జిల్లా కోసం ప్రార్థించండి. అక్కడ నోరు విప్పి నిజం చెప్పే మనిషి ఒకరుండాలి, కష్టమే కాదు కోపం కూడా చెప్పేవారు. మీ ఊళ్లో ఆ దేశపు పిల్లలు చదువుతున్నారేమో ముందు చూడండి. డబ్బు పంపేముందు ఆడిటర్‌ను కలవండి, మా కోశాధికారి గారి ఉపాయాలు వద్దు. పాత బట్టలు పంపుతామని ఎవరైనా లేస్తే కూర్చోబెట్టండి. అక్కడి సంతల్లో పాశ్చాత్య దేశాల పాత బట్టలు ఇప్పటికే గుట్టలుగా ఉన్నాయి.

ప్రస్తుతం మా సంఘంలో నడుస్తున్న గొడవ వేరు. కొందరు యువకులు సువార్త బృందంగా మలావీ వెళ్లి కూడికలు పెట్టాలంటున్నారు. ఉత్సాహం మంచిదే. నేనైతే కమిటీలో ఒకటే అడగబోతున్నాను. వెళ్లేది ఏ నెలలో, అక్కడి వాళ్లు రమ్మన్నారా అని. వాళ్ల టికెట్ల డబ్బుతో ఎన్ని ఎరువు బస్తాలొస్తాయో లెక్క కూడా కట్టి పెట్టుకున్నాను, అవసరమైతే బయటికి తీస్తాను. ఈలోగా అక్టోబరు దగ్గరపడుతోంది. ఈ ఏడు ఎరువు ధర ఎంతుందో కనుక్కోమని మరిదికి మెసేజ్ పెట్టాను. జవాబొచ్చాక ఎవరెంత పంపగలరో కూర్చుని తేల్చుకోవాలి. రసీదులన్నీ ఒకే ఫైల్లో పెట్టమని ఆడిటర్ గారు మళ్లీ గుర్తుచేశారు.